ఆ పసుపు పూలు ఆ పొట్లంలోవి కావు

పర్లాకిమిడి నుంచి ఒక ఇంటి చిన్న కోడలు ఏడు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఊరి పేరు వేసుకోవచ్చట, "మా ఊళ్ళో చిన్న కోడళ్ళకి కొదవా" అని. ఉత్తరం మొత్తం వేయడానికి చోటు చాలదు కనక సంగతి క్లుప్తంగా చెప్తాను.

వీళ్ళ మామగారు నలభై ఏళ్ళు ఆకుమందు ఇచ్చిన మనిషి. ఇంటి వెనకాల ముప్పై సెంట్ల దొడ్డి. అందులో నేలవేము, అడ్డసరం, కొండపిండి, గలిజేరు, సరస్వతి ఆకు, గోడ వారన నల్లేరు, వేపచెట్టుకి తిప్పతీగ. ఆయన పోయి నాలుగేళ్ళయింది. బావగారు విశాఖపట్నంలో ఉద్యోగం. దొడ్డి అమ్మేద్దామని ఏడాదిగా అంటున్నారు. బావగారబ్బాయి అమెరికాలో చదువుకుని అక్కడే ఉద్యోగం చేస్తున్నాడు. ఆ కుర్రాడికి నానమ్మంటే ప్రాణం. ఆవిడకి కాళ్ళ వాపులు, కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ 1.9, ఉండాల్సిన దానికన్నా ఎక్కువ. కిడ్నీలకి గోల్డెన్‌రాడ్ అనే పసుపు పూల మొక్కతో కాచే టీ మంచిదని ఎక్కడో చదివి, రోడ్డు పక్కన పూసిన మొక్కల్నుంచి తనే విత్తనం దులిపి, కాగితం పొట్లం కట్టి, దాని మీద "నానమ్మకి" అని తెలుగులో రాసి, కిందటి సంక్రాంతికి వచ్చే వాళ్ళతో పంపించాడు. "పిన్నీ, ఇది తాతయ్య తోటలో పెరిగితే తోట అమ్మనివ్వను, నేను చూసుకుంటా" అని ఫోన్లో మాట కూడా ఇచ్చాడు.

ఈవిడ మూడుసార్లు వేశారు. ఉగాది వెళ్ళాక ఒకసారి, మృగశిర కార్తెలో తొలకరికి ఒకసారి, శ్రావణంలో ఒకసారి. మొదటి రెండుసార్లు ఏమీ లేదు. మూడోసారి ట్రే మూలలో ఒకే ఒక్క మొలక. అప్పుడే బావగారు వచ్చారు. ఇక్కడ ఆవిడ మాటలే వేస్తున్నాను:

"అందరం భోజనాలకి కూర్చున్నాం. పిల్లలున్నారు, మా ఆడపడుచు ఉంది. ఆ మొక్క సంగతేమయిందని అడిగారు. రాలేదండీ అన్నాను. 'మా నాన్న చెయ్యి వేరు. నువ్వు వేస్తే గడ్డి కూడా మొలవదు, ఆ దొడ్డి ఇంకెందుకు' అన్నారు. మావారు పప్పు వడ్డించమన్నారు. నేను వడ్డించాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు బరంపురం వెళ్ళే పని ఉంటే, అక్కడ బొకేలు కట్టే అతన్ని అడిగాను. జెర్బెరాల మధ్యలో పెడతారే పసుపు కంకులు, ఆ మొక్క ఇప్పించమని. వారంలో నాలుగు గుబుర్లు తెప్పించి ఇచ్చాడు. తెచ్చి మడిలో నాటేశాను. వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టాను. విత్తనం మొలిచిందని నేను రాయలేదు. కాదనీ రాయలేదు."

ఇప్పుడా గుబుర్లు మొగ్గ తొడిగాయి. కుర్రాడు ఆనందపడిపోయి భోగికి వస్తున్నానన్నాడు. వచ్చి తన చేత్తో కోసి నానమ్మకి టీ కాచి ఇస్తాడట. పక్కింటావిడేమో వాళ్ళ మనవడి ఆయాసం ఈ పసుపు పూల పుప్పొడి వల్లేనని సాహి (వీధి) అంతా చెబుతోంది. అత్తగారు మాత్రం ఒకరోజు మడి దగ్గరికొచ్చి చూసి "బాగానే నిలదొక్కుకున్నాయే" అని వెళ్ళిపోయారు. ఈవిడ అడుగుతున్నవి మూడు. చెప్పేయాలా? చెప్తే తోట పోతుందా? అసలు విత్తనం ఎందుకు మొలవలేదు, నా చేతిలో ఏముంది?

*

అమ్మా, మీ మూడో ప్రశ్న ముందు తీసుకుంటాను. మీరు దాన్ని ఉత్తరం చివర రెండు లైన్లలో ఇరికించారు గాని, మిగిలిందంతా దాని మీదే నిలబడి ఉంది.

మీ చేతిలో ఏమీ లేదు. చేతి చలవ అనే మాట నేనూ వాడతాను. మా ఇంట్లో గోంగూర నేను వేస్తే వచ్చినట్టు మా ఆయన వేస్తే రాదు. ఆయన నీళ్ళు పోయడం మర్చిపోతాడు, అదీ అందులోని రహస్యం. మీ ఉత్తరంలో మీరు వేసిన తీరు ఎంత వివరంగా రాశారంటే, తప్పు ఎక్కడ జరిగిందో వేలు పెట్టి చూపించొచ్చు.

ఉగాది తర్వాత వేసినప్పుడు "ధనియాలు వేసినట్టు వేలితో గాడి తీసి, విత్తనం పోసి, మట్టి కప్పాను" అన్నారు. గోల్డెన్‌రాడ్ విత్తనం ధనియం లాంటిది కాదు. నూగు అంటుకున్న చిన్న నలుసు. ఊపిరి గట్టిగా వదిలితే అరచేతిలోంచి ఎగిరిపోతుంది. అలాంటి నలుసులో దాచుకున్న తిండి ఎంతని ఉంటుంది? వేలెడు మట్టిని తోసుకుని పైకి రాలేదు. పైగా దానికి వెలుతురు తగిలితేనే మొలిచే స్వభావం. ఈ విత్తనాన్ని మట్టి మీద చల్లి, అరచేత్తో అద్ది వదిలేయాలి. కప్పకూడదు. మీరు దాన్ని పాతిపెట్టారు, పాపం. అదీగాక చైత్రంలో మీ ఊరి ఎండకి మట్టి కాలిపోతూ ఉంటుంది. ఇది పద్దెనిమిది నుంచి ఇరవై రెండు డిగ్రీల మధ్య హాయిగా మొలిచే జాతి.

తొలకరికి మడిలో పైనే చల్లారు, అది సరైనదే. కానీ మృగశిర చినుకు చినుకులా పడుతుందా? మొదటి జల్లుకే ఆ నలుసులు కొట్టుకుపోయి మీ మురుగు కాలవ గట్టున చేరి ఉంటాయి. శ్రావణంలో మాత్రం చాలా జాగ్రత్త పడ్డారు. ట్రే తీసుకున్నారు, ఇసుక జల్లించారు, చూరు కింద పెట్టారు. అయితే "తేమ ఆరకుండా గోనెపట్టా కప్పాను" అని ఒక మాట ఉంది. మళ్ళీ చీకటి. ఒక్క మూల గోనె చిరిగి ఉందేమో చూడండి. ఆ ఒక్క మొలక అక్కడే వచ్చి ఉంటుందని నా అనుమానం.

ఇంకొకటి. పొట్లం "పోపుల డబ్బా పక్కన అలమర్లో" ఉందన్నారు. వేసవంతా పొయ్యి వేడికి ఉన్న సన్న విత్తనంలో జీవం ఎంత మిగులుతుంది? చలిదేశపు మొక్కల్లో చాలా వాటికి ఒక అలవాటుంది. విత్తనం రాలాక శీతాకాలమంతా తడి నేలలో చల్లగా పడుకుని, చలి పోయిందని నమ్మకం కుదిరాకే కళ్ళు తెరుస్తాయి. గోల్డెన్‌రాడ్‌లో కొన్ని జాతులకి ఆ చలి లేకపోయినా కొంత మొలక వస్తుంది, చలి తగిలితే ఎక్కువ వస్తుంది. మన దగ్గర ఆ చలి ఫ్రిజ్‌లోనే. తడిపి పిండిన ఇసుకలో విత్తనం కలిపి, చిన్న కవర్లో కట్టి, కూరగాయల అర వెనకాల మూడు నాలుగు వారాలు ఉంచాలి. కవరు మీద పేరు రాయకపోతే ఎవరో ఒకరు పారేస్తారు, నా అనుభవం.

ఆ తర్వాత కార్తీకంలో, రాత్రుళ్ళు చల్లబడ్డాక, ట్రేలో కోకోపీటూ జల్లించిన ఇసుకా కలిపి, పైన ఇసుకతో పాటే విత్తనాన్ని పల్చగా చల్లి, అద్ది, కింది నుంచి నీళ్ళు పీల్చుకునేలా పళ్ళెంలో పెట్టాలి. పైన పారదర్శకంగా ఉండే పాలిథిన్ వేయొచ్చు, గోనె వద్దు. రెండు మూడు వారాలు ఓపిక పట్టాలి. నాలుగాకులు వచ్చాక కుండీల్లోకి. అప్పుడైనా విత్తనం నుంచి పెంచిన మొక్క సాధారణంగా రెండో ఏడే బాగా పూస్తుంది.

ఈ చివరి వాక్యం మీరు ఇంకోసారి చదవండి. రెండో ఏడు. మీ ఫోటోలో శ్రావణంలో చల్లిన విత్తనం కార్తీకానికి మోకాలెత్తు గుబురై, వేరు పిలకలతో సహా మొగ్గ తొడిగింది. ఆ కుర్రాడు అక్కడ ఆ మొక్కల మధ్యే తిరుగుతున్నాడు. ఇంతవరకూ సంతోషంలో గమనించలేదు, అంతే. వచ్చి మడి దగ్గర కూర్చుంటే గమనిస్తాడు. అంటే చెప్పాలా వద్దా అన్నది నిజానికి మీ చేతిలో సగమే ఉంది.

*

ఇప్పుడు టీ సంగతి. దీని గురించి కొంచెం కటువుగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి.

గోల్డెన్‌రాడ్ ఒక మొక్క పేరు కాదు. సొలిడాగో అనే ప్రజాతిలో నూటికి పైగా జాతులున్నాయి, వాటన్నిటికీ కలిపి ఇంగ్లీషువాళ్ళ వాడుక పేరు అది. ఐరోపాలో తరతరాలుగా మూత్రానికి వాడుతున్నది సొలిడాగో విర్గౌరియా. అమెరికా నుంచి వెళ్ళిన కెనడెన్సిస్‌నీ, దాని దగ్గరి చుట్టం జైగాంటియానీ కూడా అక్కడ వాడతారు, కానీ వేరే మూలికగా లెక్కగడతారు. కుర్రాడు రోడ్డు పక్కన దులిపింది ఇందులో ఏదో అతనికే తెలియదు. మీరు బరంపురంలో కొన్నది పూల వ్యాపారం కోసం పెంచేది. కంకి పొడుగ్గా, రంగు నిలిచేలా ఎంచి పెంచినది. తినే పంట కాదు కదా అని దాని మీద ఏ పురుగుమందు ఎన్నిసార్లు కొట్టారో ఎవరికీ పట్టదు.

ఇదంతా ఒక ఎత్తు. అసలైన మొక్కే దొరికినా మీ అత్తగారికి అది పనికొచ్చేది కాదు, ఇది ఇంకో ఎత్తు. యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ ఈ మూలికకి ఒప్పుకున్న వాడకం చాలా చిన్నది. మూత్రనాళంలో చిన్న చిన్న ఇబ్బందులున్నప్పుడు నీళ్ళు బాగా తాగుతూ, మూత్రం ఎక్కువగా పోయి లోపల కడిగినట్టవడానికి తోడుగా తీసుకోవడం. అది కూడా చాలాకాలపు వాడుక మీద ఆధారపడి ఒప్పుకున్నదే. ఆ పక్కనే హెచ్చరిక ఉంది. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు బాగా ముదిరి నీళ్ళు తగ్గించి తాగమన్నవాళ్ళు దీన్ని తీసుకోకూడదని. కిడ్నీ సరిగా పని చేయక వచ్చిన వాపుని ఈ టీతో దించుదామనుకోవడం పూడిపోయిన కాలవలోకి ఇంకో బోరు నీళ్ళు వదలడం. మీ అత్తగారి కాళ్ళ వాపు ఏ కారణంతో వచ్చిందో, ఆవిడ రోజుకి ఎన్ని నీళ్ళు తాగాలో చెప్పాల్సింది కిడ్నీ డాక్టరు. నేను కాదు, మీ మామగారి పుస్తకమూ కాదు.

ఆవిడ పుట్టిల్లు కవిటి పక్క అని రాశారు. ఉద్దానం ఆడపడుచుకి క్రియాటినిన్ 1.9 అంటే ఏమిటో ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు. ఆ ఊళ్ళలో కిడ్నీలు ఎందుకు పోతున్నాయో ఇప్పటికీ తేలలేదు. నీళ్ళన్నారు, నేలన్నారు, ఎండలో పనన్నారు. ఏ ఒక్కటీ నిలబడలేదు. కానీ ఉన్న కిడ్నీని కాపాడుకునే దారులు మాత్రం తెలుసు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, మీకు రైల్లోనో బస్సులోనో ఒక పూట ప్రయాణం. వెళ్ళేటప్పుడు ఆవిడ మింగే బిళ్ళలన్నీ, ముఖ్యంగా మోకాళ్ళ నొప్పులకని దుకాణంలో అడిగి తెచ్చుకునేవి, ఒక కవర్లో వేసి తీసుకెళ్ళండి. కొండపిండి కషాయం తాగిస్తున్నామని కూడా దాచకుండా చెప్పండి.

ఒక పాత సంగతి చెప్తాను. 1990ల మొదట్లో బెల్జియంలో ఒక చోట సన్నబడడానికి చైనా మూలికలు కలిపిన బిళ్ళలు ఇచ్చేవారు. అందులో ఒక వేరు ఉండాలి. చైనా భాషలో పేరు ఇంచుమించు అలాగే పలికే ఇంకో వేరు దాని బదులు వచ్చి కలిసింది. కావాలని ఎవరూ చేయలేదు. ఎండి పొడి అయ్యాక ఎవరు పోల్చగలరు? వంద మందికి దగ్గర దగ్గరగా ఆడవాళ్ళకి కిడ్నీలు పాడయ్యాయి. కొందరికి తర్వాత క్యాన్సరు కూడా వచ్చింది. ఆ రెండో వేరు ఎవరి చుట్టమో తెలుసా? మన చేల గట్ల మీద దొరికే గాడిదగడపాకుకి. మీ మామగారి పుస్తకంలో పురుగులకి, కురుపులకి అని ఆ ఆకు పేరు తప్పకుండా ఉండి ఉంటుంది. దాన్ని ఎవరికీ లోపలికి ఇవ్వకండి.

ఈ కథ మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పలేదు. ఒక మొక్క బదులు ఇంకో మొక్క వచ్చి కూర్చుందని ఒక్కరికి తెలిసి ఉన్నా ఆ పొడి ఎవరి నోట్లోకీ పోయేది కాదు. మీ మడిలో ఆ ఒక్కరు మీరు.

*

మీ అబద్ధం గురించి మీరు సిగ్గుపడుతున్నంతగా నేను సిగ్గుపడను. పెళ్ళయిన కొత్తలో మా అత్తగారు ఊరెళ్ళినప్పుడు కోటలో తులసి ఎండిపోయింది. రాత్రికి రాత్రి పక్కింట్లోంచి ఒక మొక్క తెచ్చి పెట్టేశాను. ఆవిడొచ్చి, నీళ్ళు పోసి, మూడు ప్రదక్షిణలు చేసి, "మనది లక్ష్మితులసి, ఇది కృష్ణతులసి, ఇదీ మంచిదేలే" అని లోపలికెళ్ళిపోయింది. తర్వాత ముప్పై ఏళ్ళలో ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

అందుకే మీ అత్తగారి మాట దగ్గర నేను ఆగిపోయాను. "బాగానే నిలదొక్కుకున్నాయే." మొలిచిన మొక్కని మనం "ఎదిగింది" అంటాం, "ఏపుగా వచ్చింది" అంటాం. నిలదొక్కుకుంది అనేది ఎక్కడ్నుంచో తెచ్చి నాటిన మొక్కని. నలభై ఏళ్ళు ఆకుమందు ఇచ్చిన మనిషి భార్య మాట తూచకుండా అంటుందా? ఆవిడకి తెలుసనే నా నమ్మకం. తెలిసీ ఊరుకుంది. ఎందుకు ఊరుకుందో మీరు ఒక మధ్యాహ్నం ఆవిడ పక్కన కూర్చుని కనుక్కోవచ్చు. మీకు దారి చూపేది ఆవిడే అవ్వొచ్చు.

దారులు నాకు కనిపించినంతలో చెప్తాను. ఎంచుకోవాల్సింది మీరు.

గుబుర్లు పీకేసి మేక తినేసిందనడం ఒకటి. మీ ఉత్తరంలో ఆ ఆలోచన కూడా ఉంది, గీత కొట్టేశారు గాని గీత కింద కనబడుతోంది. టీ గండం తప్పుతుంది, నిజమే. కానీ కుర్రాడు ఇంకో పొట్లం తెస్తాడు, బావగారు ఇంకో మాటంటారు, మీరు మళ్ళీ బరంపురం బస్సెక్కుతారు. ఇంకొకటి కూడా. ఈ మేక ఎవరిదని పక్కింటావిడతో కొత్త తగువు.

పండక్కి అందరూ ఉన్నప్పుడు చెప్పేయడం రెండోది. ధైర్యమైన పనే. అయితే ఏ పళ్ళెం ముందు కూర్చుని ఆ మాట పడ్డారో అదే పళ్ళెం ముందు దాన్ని తేల్చుకోవాలని మీకు లోపల ఉంది, ఉత్తరం చదివితే తెలుస్తోంది. తప్పులేదు. కానీ భోగినాడు ఇంటినిండా మనుషులుండగా విషయం విత్తనం దగ్గర ఆగదు, దొడ్డి దగ్గరికెళ్తుంది, వాటాల దగ్గరికెళ్తుంది. బావగారికి "చూశారా" అనే అవకాశం దొరుకుతుంది. మీవారు మళ్ళీ పప్పు వడ్డించమంటారు.

మూడోది, ముందుగా కుర్రాడికి ఒక్కడికే ఫోన్ చేయడం. నాకు మొగ్గు ఇటే ఉంది, దాచను. వాళ్ళకి రాత్రయ్యే వేళ చూసుకుని, వాట్సాప్‌లో రాయకుండా, గొంతుతో. రాసిన మాట గ్రూపులోకి జారిపోతుంది. ఉన్నదున్నట్టు చెప్పండి: మూడుసార్లు వేశాను, ఎందుకు రాలేదో ఇప్పుడు తెలిసింది, మీ నాన్నగారు అన్న మాటకి మనసు కష్టమై కొన్న మొక్క పెట్టాను, నానమ్మకి ఈ టీ ఇవ్వకూడదు. ఈ నాలుగు ముక్కల్లో నాలుగోది ముందు చెప్పండి. కుర్రాడు చిన్నబుచ్చుకోవచ్చు. రెండ్రోజులు ఫోన్ ఎత్తకపోవచ్చు. తోట మాట వెనక్కి తీసుకోవచ్చు కూడా, అది జరగదని నేను హామీ ఇవ్వలేను. కానీ పొట్లం మీద తెలుగులో "నానమ్మకి" అని రాసిన పిల్లాడు తోట కోసం అంత పని చేసిన పిన్నిని తప్పు పడతాడా? నాకు అనుమానమే.

తోట పోతుందా అన్నది ఈ గోల్డెన్‌రాడ్ మీద ఆధారపడి ఉందని మీరనుకోవడమే నాకు మింగుడు పడలేదు. అది మీ మామగారి తోటలో ఎన్నడూ లేని మొక్క. ఆ తోటకి విలువ తెచ్చేది ఆయన రాసుకున్న పుస్తకం. ఏ ఆకు ఏ కార్తెలో కోయాలో, ఏది ఎవరికి ఇవ్వకూడదో ఉన్న ఆ నోటు పుస్తకం. మీ పిల్లలు ఒడియా మీడియంలో చదువుతున్నారు, తెలుగు కూడబలుక్కుని చదువుతారు, తాతగారి గొలుసు రాత అసలు అందదు అన్నారు. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్ళో తెలుగు రాత చదివే ఆఖరి మనిషి ఆ ఇంట్లో మీరే. పుస్తకంలో పేరు చదివి, మడిలో మొక్క చూపించి, "ఇదీ అది" అనగలిగేది మీరొక్కరు. ఆ పని ఫోన్లో వీడియో తీసి కుర్రాడికి వారానికొకటి పంపితే, దొడ్డి గురించి వాళ్ళ నాన్నగారితో అతను మాట్లాడేటప్పుడు చేతిలో ఏదో ఒకటి ఉంటుంది. బావగారు ఒప్పుకుంటారో లేదో వేరే సంగతి. వాటా ఉన్న మనిషి అమ్ముతానంటే మాటలతో ఆగదు. మీవారు ఇప్పుడైనా నోరు తెరిచి, కాగితాల్లో దొడ్డి ఎవరి పేరున ఉందో చూసుకోవాలి.

బావగారి మాట గురించి. ఆయన తండ్రిని పోగొట్టుకున్నాడు, తండ్రి విద్య నేర్చుకోలేదు, అది ఇంకొకరి చేతిలో ఉంది. నాలుక మీద ఆ మంట ఉండొచ్చు. అయినా మీకు తగిలింది తగిలినట్టే. ఎప్పుడో ఒకనాడు, పండగ కాని రోజున, "ఆ మాట నన్ను బాధపెట్టింది బావగారూ" అని ఒక్క ముక్క అనొచ్చు. అనకపోయినా లోకం మునగదు. అది మీ ఇష్టం.

*

మిగిలినవి త్వరగా చెప్పేస్తాను.

పక్కింటావిడ అనుమానం ఈ మొక్కకి అమెరికాలో కూడా ఉన్న పాత నింద. దీని పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది, గాలికి ఎగరదు, తేనెటీగల కాళ్ళకి అంటుకుని వెళుతుంది. అక్కడ అదే రోజుల్లో పూసే ర్యాగ్‌వీడ్ అనే ఆకుపచ్చ పూల మొక్క గాలినిండా పుప్పొడి చల్లుతుంది, కంటికి మాత్రం కనబడదు. పసుపుగా మెరిసే ఇది తిట్లు తింటుంది. ఆ పిల్లాడి ఆయాసానికి మీ సాహి చివర ఖాళీ జాగాలో వయ్యారిభామ ఉందేమో చూడమనండి. అయితే ఇవన్నీ చామంతి కుటుంబమే. వయ్యారిభామ తగిలితే ఒళ్ళు దద్దురులెక్కే వాళ్ళకి గోల్డెన్‌రాడ్ పట్టుకున్నా దురద రావచ్చు. పిల్లాడిని ముట్టుకోనివ్వకండి. డాక్టరుకి చూపించమనడం మాత్రం నింద తప్పించుకోవడానికి అన్నట్టు కాకుండా అనండి.

వయ్యారిభామ మాట వచ్చింది గనక. అది 1950ల్లో పుణె దగ్గర కంటబడింది, గోధుమల్తో కలిసొచ్చిందంటారు. ఇప్పుడు అది లేని గట్టు చూపించండి. కెనడా గోల్డెన్‌రాడ్‌ని అందం కోసమని 1935లో చైనాకి తీసుకెళ్ళారు. వాళ్ళకది పెద్ద కలుపైపోయింది. నేల కింద పిలకలు పాకుతాయి, పైన ఒక్కో కాడకి వేలకొద్దీ దూది విత్తనాలు. మీ దొడ్డి వెనకే మహేంద్రతనయ, ఎగువన మహేంద్రగిరి అడవి. అందుకని ఆ నాలుగు గుబుర్లనీ మడిలోంచి తీసి అడుగున్న తొట్టెల్లోకి మార్చండి. కంకులు పూశాక, పసుపు మాసి బూడిద రంగు తిరిగే లోపు కోసేయండి. దేవుడి దగ్గర పెట్టండి, గుమ్మానికి కట్టండి, పక్కింటికి మాత్రం పంపకండి. వేరుముక్క మట్టిలో మిగిలితే మళ్ళీ వస్తుంది, తవ్విన చోట నెలకొకసారి చూస్తుండండి.

విత్తనం విదేశాల్నుంచి సంచిలో పెట్టుకు రావడం కూడా ఇందుకే కుదరదు. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతికి అనుమతి, అక్కడి అధికారులిచ్చే ఆరోగ్య ధ్రువపత్రం రెండూ ఉండాలి. కుర్రాడికి తెలియక పంపాడు. ఫోన్ చేసినప్పుడు ఈసారి వద్దని చెప్పండి. పొట్లంలో ఇంకా మిగిలింది ఉందన్నారు కదా, దాన్ని చల్లకండి, పొయ్యిలో వేసేయండి. పైన నేను చెప్పిన ఫ్రిజ్ పద్ధతీ ట్రే పద్ధతీ మీరు నేర్చుకోవాల్సినవే, కాకపోతే ఇక్కడ బిల్లిచ్చి అమ్మే దుకాణంలో కొన్న విత్తనంతో చేయండి. మీ అత్తగారి కోసం కాదు, మీ చెయ్యి మంచిదో కాదో మీరే చూసుకోవడానికి. కాగితం మాత్రం ఉంచుకోండి. రాత బాగుంది.

ఇక ఆ ట్రే మూలలో మొలక. అదేమిటో చెప్పమన్నారు, ఫోటోలో రెండు బీజదళాలే కనబడుతున్నాయి, వాటిని బట్టి ఎవరూ చెప్పలేరు. నిజం ఆకులు వచ్చాక దగ్గరగా చూడండి. ఆకులు ఎదురెదురుగా జంటలుగా, అంచు రంపంలా, గరుకు నూగుతో వస్తే అది మన గడ్డిచామంతి, గాలికి కొట్టుకొచ్చి పడి ఉంటుంది. ఒకటి ఇటు, దాని పైన ఇంకోటి అటు వస్తే అది ఆ పొట్లంలోదే కావచ్చు. అప్పుడు దాన్ని కూడా తొట్టెలో పెట్టి, పూతకొచ్చే దాకా దొడ్డి మట్టి తగలనివ్వకండి. నాలుగో ఆకు రాగానే ఇంకో ఫోటో పంపండి, ఈసారి పక్కనుంచి తీసి.